వంకరగా నిలబడ్డ బంటు

"చేతులు!"

బెత్తం రాతినేలను తాకి టక్కుమంది. గజశాలలో కూర్చున్న పదిహేడు మంది పిల్లలు ఒక్కసారిగా అరచేతులను తొడల కిందికి దోపుకున్నారు.

"చేతుల మీద ఎందుకు కూర్చుంటాం?" అని అడిగాడు ఒంటికన్ను గవరయ్య.

"ముట్టిన పావు కదపాలి కాబట్టి!"

"ఎదుటివాడి పావు ముడితే?"

"చంపాలి!"

"వంకరగా ఉన్న పావును సర్దాలనిపిస్తే?"

"'సర్దుతున్నా' అని ముందు చెప్పాలి. చెప్పాకే ముట్టాలి!"

"ఆట అయ్యాక?"

"ముప్ఫై రెండూ లెక్కపెట్టి సంచిలో వేయాలి!"

"లేకపోతే పైడివాళ్ళ ఏనుగు తినేస్తుంది!" అని చివర్న తగిలించాడు కుమ్మరివాళ్ళ కొండడు. పిల్లలందరూ గొల్లున నవ్వారు. గజశాల మూలన నిలబడి ఉన్న ముసలి గుడ్డి ఏనుగు, తన గురించే అన్నారని తెలిసినట్టు చెవులు విదిల్చింది. దానికి పేరంటూ లేదు. అందరూ అవ్వ అనే పిలిచేవారు.

వజ్రకూట రాజ్యానికి రాజధాని మణిద్వార నగరం. ఆ రోజు వసంతోత్సవం. మేడల మీద పసుపు పతాకలు రెపరెపలాడుతున్నాయి. గుమ్మాలకు మోదుగుపూల దండలు వేలాడుతున్నాయి. రాజవీధి పొడవునా చల్లిన కుంకుమనీళ్ళలో ఉదయపు ఎండ పడి, వీధంతా కెంపులు పరిచినట్టు మెరుస్తోంది. కానీ ఆ వీధిలో ఒక్క పాట లేదు, ఒక్క డోలు చప్పుడు లేదు. పండుగ చెయ్యకపోతే కొరడా దెబ్బలు తప్పవు కాబట్టి జనం పండుగ చేస్తున్నారు.

మూడేళ్ళ కిందట ఇదే రోజున ఉల్కాముఖుడనే మాంత్రికుడు నల్లరాతి చదరంగపు బల్లతో ఆస్థానానికి వచ్చాడు. తాను ఓడితే రాయినైపోతానన్నాడు. గెలిస్తే ఎదుటివాడు తన అరలో రాతిబంటుగా నిలబడాలన్నాడు. రాజు ఆదిత్యకేతు నవ్వుతూ రాజ్యాన్ని పందెం కాసి కూర్చున్నాడు. గెలుపు అంచున ఉండగా ఆయన చెయ్యి తనది కానట్టు పక్కకు జరిగి, తాకకూడని పావును తాకింది. మరుక్షణం సింహాసనం ఖాళీ అయింది. అరలో రాతిబంటు ఒకటి చేరింది. రాజును విడిపిస్తామని ముందుకొచ్చిన ఇరవై మంది శూరులూ ఆ సాయంత్రానికి అదే వరుసలో నిలబడ్డారు. వాళ్ళలో ఆఖరివాడు మావటి ఎర్రన్న, గజశాల పిల్లల్లో ఒకతె అయిన పైడికి తండ్రి.

ఆ బల్లకు ఒక కట్టుబాటు ఉంది. ప్రతి వసంతోత్సవం నాడు, మూడో గంట మోగేలోపు ఎవరు ఎదుట కూర్చున్నా ఉల్కాముఖుడు ఆడి తీరాలి. మూడేళ్ళు వరసగా ఎవరూ కూర్చోకపోతే రాజ్యం శాశ్వతంగా అతడిది. రాతిబంట్లు ఎప్పటికీ రాళ్ళే. అందుకే మాంత్రికుడు మంత్రం వేసి మరీ శాసనం చేశాడు: మీసం మొలిచిన మగవాడుగానీ, కొప్పు ముడిచిన ఆడదిగానీ రాజ్యంలో ఎక్కడైనా సరే, చదరంగపు పావును చేత్తో ముట్టరాదు. ముడితే ఆ చెయ్యి రాయవుతుంది. పాలపళ్ళు ఊడే పిల్లలను మాత్రం వదిలేశాడు. వాళ్ళకు కూడా భయపడితే తన పరువేం కావాలి?

రెండు వసంతోత్సవాలు అలాగే గడిచాయి. ఇది మూడోది.

రెండేళ్ళుగా ప్రతిరోజూ వీధిబడి వదలగానే పిల్లలు పలకలు చంకన పెట్టుకుని, అవ్వ తప్ప వేరే ఏనుగులు లేని ఈ గజశాలకు పరుగెత్తుకొచ్చేవారు. నేల మీద ముగ్గుపిండితో అరవైనాలుగు గళ్ళు. చింతగింజలు బంట్లు, గవ్వలు గుర్రాలు, తాటిబుర్రల ముక్కలు శకటులు, పాత ఏనుగు గంటల నాలుకలు ఏనుగులు, పసుపు కొమ్ములు మంత్రులు, మామిడి టెంకలు రాజులు. గవరయ్య బెత్తంతో చూపించేవాడే తప్ప ఒక్క పావునైనా ముట్టేవాడు కాదు. చేతులెప్పుడూ వీపు వెనక. ఆ గవరయ్యే రాజు తమ్ముడు ప్రసేనుడని, ఆ గడ్డం మేకవెంట్రుకలదని, కంటికి కట్టిన నల్లగుడ్డ కింద చక్కటి కన్ను ఉందని పిల్లలకు తెలియదు. ఆ రోజు సభలో స్తంభం చాటు నుంచి అన్న చెయ్యి దారి తప్పడం ఆయన కళ్ళారా చూశాడు. మాంత్రికుడు ఆటతో గెలవడు, చేతిని లాగి గెలుస్తాడు. అందుకే మొదటి రోజు నుంచి పిల్లలకు నేర్పిన మొదటి పాఠం చేతుల మీద కూర్చోవడం.

"ఇవాళ ఆటకు పైడి వెళ్తుంది" అన్నాడు గవరయ్య. "మనమంతా తోడు వెళ్దాం."

కొండడు లేచి నిలబడ్డాడు. "అదా! గురువుగారూ, దానిమీద నేను పదికి ఏడు గెలుస్తాను. దాని బంట్లు చూడండి, కల్లు తాగి తూలుతున్నట్టు నిలబడతాయి!"

మాట నిజమే. తొమ్మిదేళ్ళ పైడి బాగా ఆడుతుంది కానీ, పావును గడి మధ్యలో పెట్టడం ఈనాటికీ రాలేదు. సగం ఈ గడిలో, సగం ఆ గీత మీద. "మధ్యలో పెట్టు" అంటూ గవరయ్య బెత్తంతో గీతను కొట్టని రోజు లేదు.

"నువ్వే బాగా ఆడతావురా" అన్నాడు గవరయ్య. "ఇప్పుడు నీ చేతులెక్కడున్నాయి?"

కొండడు చూసుకున్నాడు. కుడిచేతిలో గవ్వగుర్రం ఉంది. ఎప్పుడు తీశాడో వాడికే తెలియదు. గుర్రాన్ని మెల్లిగా నేలమీద పెట్టి, మూతి ముడుచుకుని కూర్చున్నాడు.

అప్పుడే గజశాల తలుపు దబ్బున తెరుచుకుంది. దండనాయకుడు కంటకుడు, అతడి వెనక పన్నెండు మంది ఈటెభటులు!

కంటకుడు మెలితిప్పిన మీసాలతో, ఇత్తడి కవచంతో లోపలికి వచ్చి, ముగ్గుగళ్ళ చుట్టూ ఒకసారి తిరిగాడు. ఒక్క చింతగింజకూ కాలు తగలనివ్వలేదు.

"ఏరా ముసలాడా, పండగపూట కూడా బడేనా?"

"పిల్లలు మారాం చేశారు దొరా."

"పావులు నువ్వే సర్దుతావా?"

"నాకెక్కడి యోగం దొరా. ఉన్నా పనికిరాని చేతులు."

కంటకుడు నవ్వాడు. ఉన్నట్టుండి చెప్పుకాలి మొనతో మామిడిటెంక రాజును ఎగరేసి తన్నాడు. టెంక సూటిగా గవరయ్య ముఖం మీదికి దూసుకొచ్చింది. ఎవడైనా చెయ్యి అడ్డం పెడతాడు. పెట్టాడా, చెయ్యి రాయే!

పిల్లలు కెవ్వుమన్నారు. టెంక గవరయ్య నుదుటిని తాకి కింద పడింది. నుదుటి నుంచి నెత్తురు జారి గడ్డంలోకి దిగింది. వీపు వెనక చేతులు మాత్రం కదల్లేదు. రెండేళ్ళ అలవాటు అది.

"గట్టి పిండమేరా నువ్వు" అన్నాడు కంటకుడు, కాస్త నిరాశగా. "సరే. మూడో గంట మోగేదాకా మీరంతా ఇక్కడే ఉండండి. ఆ తర్వాత మీ ఇష్టం, పొద్దస్తమానం ఆడుకోండి."

తలుపులు మూసుకున్నాయి. బయట దూలమంత గడియ పడిన చప్పుడు. సరిగ్గా అప్పుడే కోటలో మొదటి గంట మోగింది.

కొండడి ముఖం పాలిపోయింది. "అయిపోయింది గురువుగారూ! ఆట కట్టు!"

"ఎవరు చెప్పారు?" అన్నాడు గవరయ్య నెత్తురు తుడుచుకుంటూ. "రాజుకు దారి లేనప్పుడు ఏం చూడమన్నాను?"

"మన దగ్గర ఇంకా కదపని పావు ఏముందో చూడమన్నారు" అంది పైడి.

అందరి తలలూ మూలకు తిరిగాయి. ముసలి అవ్వ చెరకుపిప్పి నములుతోంది. మాంత్రికుడి భటులు మిగతా ఏనుగులను తోలుకుపోతూ పనికిరానిదని వదిలేసిన ఏనుగు. కంటకుడు దానివైపు కన్నెత్తి కూడా చూడలేదు.

పైడి దాని తొండం మీదుగా పాకి మెడ మీద కూర్చుంది. చెవుల వెనక కాలివేళ్ళు ఆనించి, తండ్రి చేసినట్టే నాలుకతో టొక టొక శబ్దం చేసింది. అవ్వ నమలడం ఆపింది. మూడేళ్ళుగా ఎవరూ ఏమీ అడగని ఏనుగు అది. చెవులు రెండూ చేటల్లా విప్పి, తల వంచి, నిటారుగా నడిచింది.

దూలం చింతబరికెలా విరిగింది. తలుపుల రెక్కలు రెండూ ఊడి వీధిలో పడ్డాయి. వాటితోపాటే నలుగురు భటులు పడ్డారు.

"పట్టుకోండి! ఆపండి!" అంటూ కంటకుడు కత్తి దూసి ముందుకు ఉరికాడు. పిల్లలు గుంపుగా ఏనుగు వెనక పరుగెడుతున్నారు. ఆ గుంపులో పావుల సంచి మోస్తున్న కొండడు కంటకుడికి ఎదురుపడ్డాడు. వాడు ఒక్క క్షణం ఆలోచించలేదు. సంచిలో చెయ్యి పెట్టి, దొరికినది తీసి గాల్లోకి విసిరాడు.

"దండనాయకా, ఇదిగో పట్టుకో!"

కంటకుడు పట్టుకున్నాడు. ముఖం మీదికి ఏదైనా వస్తే పట్టుకోకుండా ఉండే పాఠం అతడికి ఎవరు నేర్పారు? పిడికిలి విప్పి చూడబోయాడు. పిడికిలి విచ్చుకోలేదు. మణికట్టు దాకా బూడిదరంగు రాయి పాకింది. ఆ బరువుకు దండనాయకుడు కుడిపక్కకు ఒరిగి, కుంకుమనీళ్ళ గుంటలో చతికిలపడ్డాడు.

"చింతగింజ దొరా!" అని అరిచాడు కొండడు పరుగెత్తుతూనే. "ఉత్త బంటుకే ఇలా పడిపోతే ఎలా?"

రాజవీధి పూర్వం ఏనుగుల ఊరేగింపు కోసం వేసినది. గజశాల గుమ్మం నుంచి కోట గుమ్మం దాకా బాణంలా సూటిగా ఉంటుంది. గుడ్డి అవ్వకు మలుపులతో పని లేదు. పూలబండ్లు పక్కకు జరిగాయి. అరుగుల మీద జనం లేచి నిలబడ్డారు. అడ్డంగా వచ్చిన ఇద్దరు ఈటెభటులను గవరయ్య ఎదుర్కొన్నాడు. బెత్తం మెలితిప్పగానే లోపలి నుంచి సన్నటి కత్తి మెరిసింది. ఒకడి ఈటె రెండు ముక్కలైంది. రెండోవాడు తన ఈటెను తానే పారేసి, పూలబండి కింద దూరాడు.

"ముసలాయన ఇలా ఉరుకుతాడేమిటే!" అంది పూలమ్మే ఆమె.

"ఏనుగు ఐమూలగా పోదు! ఏనుగు వంకరగా పోదు!" అని పిల్లలు పాడుతున్నారు, బడిలో పాడినట్టే. అరుగుల మీద జనం ఆ పాట అందుకున్నారు. మూడేళ్ళ తర్వాత మణిద్వారంలో పాట వినిపించింది.

రెండో గంట మోగింది.

కోట ముంగిలి దాటి సభామంటపం మెట్లు కనబడేసరికి, గంట దగ్గర నిలబడ్డ భటుడు మూడోసారి సుత్తి ఎత్తాడు. గవరయ్య పరుగు ఆపకుండానే బెత్తపు ఒర విసిరాడు. ఒర గిర్రున తిరుగుతూ పోయి భటుడి వేళ్ళకు తగిలింది. సుత్తి జారి వాడి కాలి మీదే పడింది. వాడు ఒంటికాలి మీద గెంతుతూ చిందులు తొక్కాడు. గంట మోగలేదు.

"ఆట కోరుతున్నాం!" అని అరిచింది పైడి, ఏనుగు మెడ మీద నుంచే.

సభామంటపం స్తంభాలన్నీ నల్లటి పట్టుతో చుట్టి ఉన్నాయి. గోడ పొడవునా ఉన్న అరలో ఇరవై ఒక్క రాతిబంట్లు, దారం పట్టి పేర్చినట్టు ఒకే వరుసలో ఉన్నాయి. మధ్యలో నల్లరాతి బల్ల. దాని వెనక ఎర్రటి కళ్ళతో, పొగరంగు గడ్డంతో ఉల్కాముఖుడు. అతడు పిల్లను చూడలేదు. ముందు ఎడమవైపు భటుడి ఈటె కాస్త పక్కకు వాలి ఉంటే వేలితో నిలబెట్టాడు. తర్వాత తన ఉంగరం రాయిని సరిగ్గా వేలి మధ్యకు తిప్పుకున్నాడు. అప్పుడు తల ఎత్తాడు.

"ఈ పిల్లా? వజ్రకూటంలో ఇంకెవరూ మిగల్లేదా?"

"మీరే ఎవర్నీ మిగల్చలేదు గదా స్వామీ" అంది పైడి. ఎదురుగా ఉన్న పీట మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. చేతులు రెండూ తొడల కిందికి పోయాయి.

పిల్లలు గవరయ్యతో కలిసి స్తంభాల దగ్గర నిలబడ్డారు. గోడలోని అరలో చిట్టచివరి బంటు తలకు మావటి తలపాగా ఉంది. పైడి దాన్ని ఒక్కసారి చూసింది. మళ్ళీ చూడలేదు.

ఆట మొదలైంది.

పది ఎత్తులు గడిచాయో లేదో బల్ల తన పని మొదలుపెట్టింది. పైడివైపు తెల్లపావుల నుంచి సంపెంగల వాసన లేచింది. శకటు వెండిలా మెరిసింది. తెల్లగుర్రం మెడ తిప్పి, ఎర్రన్న గొంతుతో పిలిచింది: "పైడీ, అమ్మా, నన్ను ముట్టవే. ఒక్కసారి ముడితే వచ్చేస్తాను."

స్తంభం దగ్గర కొండడి చెయ్యి దానంతట అదే ముందుకు సాగింది. వాడు భయపడి దాన్ని రెండో చేత్తో పట్టుకున్నాడు. పైడి చేతులనూ ఏదో పైకి లాగింది. మోచేతులు పైకి లేవబోయాయి. కానీ లేవాలంటే ముందు తాను లేవాలి. తన బరువంతా తన చేతుల మీదే ఉంది. పెదవి కొరుక్కుని, ఇంకాస్త గట్టిగా కూర్చుంది.

"మా నాన్న నన్ను అమ్మా అనడు" అంది బల్లవైపు చూస్తూ. "ఏమే పిల్ల ఏనుగూ అంటాడు."

గుర్రం మెడ ముడుచుకుంది. సంపెంగ వాసన పొయ్యిమీద నీళ్ళు పోసినట్టు ఆరిపోయింది. ఉల్కాముఖుడి కనుబొమలు మొదటిసారి కలిశాయి.

మంత్రం పోయినా ఆట మిగిలే ఉంది. మాంత్రికుడికి ఆట కూడా వచ్చు. పైడి ఒక గుర్రాన్ని పోగొట్టుకుంది. తర్వాత ఒక శకటును. గవరయ్య వేషంలోని ప్రసేనుడు ముందుకు వంగి చూశాడు. కానీ పిల్ల ఎత్తు ఎత్తుకూ ఆలోచించి, ఒక్క చెయ్యి బయటికి తీసి, పావు కదిపి, మళ్ళీ తొడ కింద పెట్టేస్తోంది. ఆయనకు ఇంకో వింత కనిపించింది. పైడి ప్రతి పావునూ గడికి నట్టనడుమ పెడుతోంది! రెండేళ్ళలో ఒక్కనాడూ చెయ్యని పని.

నల్లరాజు మూలలో, మూడు బంట్ల వెనక నక్కి ఉన్నాడు. ఆ బంట్లే వాడికి గోడ, ఆ గోడే వాడికి బందిఖానా. వెనక వరుస కాపలాకు నల్లమంత్రి ఒక్కడే. ఆ వరుసకు ఎదురుగా, ఎక్కడో దూరంగా, పైడి ఏనుగు దారి తెరుచుకుని నిలబడి ఉంది. మంత్రి పక్కకు కదిలితే చాలు. కానీ ఎందుకు కదులుతాడు?

పైడి ఒక బంటును ఒక గడి ముందుకు తోసింది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆ బంటు సగం గడిలో, సగం గీత మీద, కల్లు తాగినట్టు వంకరగా నిలబడింది.

కొండడు నుదురు కొట్టుకున్నాడు. "చూశారా! మళ్ళీ మొదలెట్టింది!"

"నోరు మూసుకోరా" అన్నాడు ప్రసేనుడు. ఆయన గొంతు మారిపోయింది.

ఉల్కాముఖుడు నవ్వాడు. "ఎర వేశావా పిల్లా? నీ బంటును చంపగలిగింది నా మంత్రి ఒక్కడే. వాడు వెనక వరుస వదిలితే నీ ఏనుగు లోపలికి వస్తుంది. నేను చూడలేదనుకున్నావా?"

"చూస్తారని తెలుసు స్వామీ."

మాంత్రికుడు వేరే ఎత్తు ఆలోచించసాగాడు. చూపు గుర్రం మీదికి పోయింది, బంటు దగ్గరికి వచ్చింది. శకటు మీదికి పోయింది, బంటు దగ్గరికి వచ్చింది. గొంతు సవరించుకున్నాడు. ఉంగరం రాయి తిప్పుకున్నాడు. బల్ల మీద ముప్ఫై రెండు గళ్ళు తెలుపు, ముప్ఫై రెండు నలుపు, అన్నీ గీసినట్టు ఉన్నాయి. వాటి మధ్య ఆ ఒక్క బంటు!

"దాన్ని గడి మధ్యలో పెట్టు" అన్నాడు చివరికి.

"నా ఎత్తు అయిపోయింది గదా స్వామీ. ఇప్పుడు నేను ముడితే తప్పు."

"మూర్ఖపు పిల్లా! కళ్ళలో నలుసు పడ్డట్టుంది." పళ్ళు కొరికి, చూపుడువేలు చాచి, బంటును మెల్లిగా గడి మధ్యకు జరిపాడు. అతడి ముఖం విప్పారింది. "ఆఁ. ఇప్పుడు..."

"ముట్టాడు!"

పదహారు గొంతులు ఒక్కసారిగా లేచాయి. మంటపం కప్పు అదిరింది.

"ముట్టాడు! సర్దుతున్నా అనలేదు!"

ఉల్కాముఖుడు ఉలిక్కిపడ్డాడు. "నేను సర్దాను, అంతే!"

"ముందు చెప్పాలి! చెప్పాకే ముట్టాలి!" కొండడు స్తంభం వదిలి ముందుకు దూకాడు. "ఈ మాట చెప్పకే నేను నాలుగు ఆటలు పోగొట్టుకున్నాను. నాకు లేని దయ నీకెందుకయ్యా? ఎదుటివాడి పావు ముట్టావు, చంపు!"

బల్ల అంచున చెక్కి ఉన్న అక్షరాలు నిప్పుకణికల్లా రాజుకున్నాయి. ఇన్నాళ్ళూ ఎదుటివాళ్ళ చేతులను లాగిన బల్ల, ఈసారి తన యజమాని చెయ్యి పట్టుకుంది. ఉల్కాముఖుడు రెండో చేత్తో మణికట్టు పట్టుకుని వెనక్కి లాగాడు. కాళ్ళు తన్నిపెట్టాడు. మంత్రాలు చదివాడు. లాభం లేదు. అతడి వేళ్ళు నల్లమంత్రిని ఎత్తి, వెనక వరుస నుంచి తెచ్చి, బంటును చంపి, ఆ గడిలో పెట్టాయి.

పైడి ఒక్క చెయ్యి బయటికి తీసింది. ఏనుగును పట్టుకుని, గడి తర్వాత గడి, బల్ల పొడవునా నిటారుగా నడిపించి, నల్లరాజు ఉన్న వెనక వరుసలోనే పెట్టింది. గడికి నట్టనడుమ.

"ఆట కట్టు" అంది.

 ఉల్కాముఖుడి కాలిగోళ్ళ నుంచి బూడిదరంగు పైకి పాకింది. మోకాళ్ళు, నడుము, పొగరంగు గడ్డం, అన్నీ రాయయ్యాయి. అరలో ఫెళ్ళున చప్పుడైంది. రాతిబంట్లు ఒక్కొక్కటే బీటలు వారి, వాటిలోంచి మనుషులు దూకారు. బయట గంట దగ్గర భటుడు కుంటి కాలి మీదే గంటను ఎడాపెడా మోగించేస్తున్నాడు. ఈసారి అతణ్ణి ఎవరూ ఆపలేదు.

తలపాగా సర్దుకుంటూ మావటి ఎర్రన్న కళ్ళు నులుముకున్నాడు. ఎదురుగా కూతురు.

"ఏమే పిల్ల ఏనుగూ, అవ్వకు నీళ్ళు పెట్టావా?"

పైడి ఏడుస్తూ నవ్వుతూ వెళ్ళి తండ్రి మెడకు చుట్టుకుంది. అప్పటిదాకా తొడల కింద నలిగిన ఆ చేతులు ఎర్రగా కంది ఉన్నాయి.

ప్రసేనుడు కంటి గుడ్డ లాగేశాడు. గడ్డం పీకేశాడు. రాజు ఆదిత్యకేతు తమ్ముణ్ణి గుర్తుపట్టి, కావలించుకుని, "నీకు ఆ గడ్డం బొత్తిగా బాగాలేదురా" అన్నాడు. సభంతా జయజయధ్వానాలు చేసింది.

"గురువుగారికి రెండు కళ్ళున్నాయిరోయ్!" అని అరిచాడు కొండడు. "అందుకే ఆ పక్క నుంచి దొంగెత్తు వేసినా పట్టేసేవారు!"

ప్రసేనుడు పగలబడి నవ్వాడు. మూడేళ్ళ తర్వాత మొదటిసారి ఒక పావును చేతిలోకి తీసుకున్నాడు. మంత్రి కింద చచ్చిన ఆ తెల్లబంటు. దాన్ని బల్ల మీద గీతకు అటూ ఇటూ కాకుండా వంకరగా నిలబెట్టాడు. ఇక జన్మలో సర్దకూడదనుకున్నాడు.

"విందు భోజనాలు తర్వాత" అన్నాడు పిల్లలతో. "ఆట అయ్యాక ఏం చెయ్యాలి?"

"లెక్కపెట్టి సంచిలో వేయాలి!"

కొండడు బల్ల చుట్టూ తిరిగి లెక్కపెట్టాడు. ఆగి, మళ్ళీ లెక్కపెట్టాడు. బల్ల కిందికి వంగి చూశాడు.

"గురువుగారూ, ముప్ఫై ఒకటే ఉన్నాయి. నల్లమంత్రి లేడు."

 ప్రసేనుడు రాతిమాంత్రికుడి దగ్గరికి వెళ్ళాడు. విగ్రహం పెదవుల మీద చిరునవ్వు ఉంది. గుండె ఉండవలసిన చోట, సరిగ్గా ఒక పావు పట్టేంత గుంట ఉంది.

"ప్రాణం వీడిలో లేదు" అన్నాడు రాజు మెల్లిగా. "మంత్రిలో దాచాడని అరలో నిలబడి విన్నాను. అది వీడి గుహ ఉన్న కాకికొండ చేరితే వీడు మళ్ళీ లేస్తాడు."

"అదిగో!" పైడి గవాక్షం లోంచి వేలు చూపించింది. ఉత్తరద్వారం దగ్గర, చీమంత నల్లటి ఆకారం ఒకటి ఎండలో పరుగెడుతోంది. అడుగు అడుగుకూ పెరుగుతోంది. పిల్లి అంత అయింది. మనిషి అంత అయింది. నల్లటి అంగీ వెనక్కి ఎగురుతుండగా, కావలివాణ్ణి తోసేసి అతడి గుర్రం ఎక్కింది.

"ఇప్పుడు ఎత్తు ఎవరిది గురువుగారూ?" అంది పైడి.

"మనదే."

ఎర్రన్న అప్పటికే అవ్వను మోకరింపజేశాడు. పైడి తండ్రి ముందు కూర్చుని కాలివేళ్ళు చెవుల వెనక ఆనించింది. కొండడు సంచితో సహా ఎక్కాడు. ప్రసేనుడు వెనక దూకాడు. కాకికొండ దారి ఉత్తరద్వారం నుంచి కొండ పాదం దాకా, ఒక్క మలుపు లేకుండా సూటిగా ఉంది.

"చేతులు!" అని అరిచాడు ప్రసేనుడు.

కొండడు, పైడి అలవాటుగా అరచేతులు తొడల కిందికి దోపారు.

"అక్కడ కాదర్రా, ఈసారి గట్టిగా పట్టుకోండి!"

గుడ్డి అవ్వ తొండం ఎత్తి ఘీంకరించి, నిటారుగా పరుగందుకుంది.